తలకిందుల జాజి

నేను ఒక పుస్తకాన్ని. పుస్తకమంటే లావుపాటిదని అనుకోకండి. ఇరవై నాలుగు పేజీలు, మధ్యలో రెండు పిన్నులు, అంతే నా ఒళ్ళు. నాలో జాజి అనే తొమ్మిదేళ్ళ పిల్ల ఉంటుంది. ఎర్ర రిబ్బన్లతో రెండు జడలు. మొదటి పేజీలో వంగడానికే భయపడుతుంది. పదో పేజీలో పిల్లిమొగ్గ వేస్తుంది. పదహారో పేజీలో చేతుల మీద నిలబడుతుంది. చివరి పేజీలో గాలిలో తిరిగి వచ్చి, రెండు కాళ్ళ మీద దిగి, చేతులు పైకెత్తి నవ్వుతుంది. జిమ్నాస్టిక్స్ అనే మాట నాలో పదకొండు చోట్ల ఉంది. నన్ను అచ్చు వేసిన ప్రెస్సులో ఒక్కరైనా వంగి తమ కాలివేళ్ళు ముట్టుకోగలిగేవాళ్ళు కాదు. అందరికీ నడుం నొప్పే.

అక్కడి నుంచి ఒక పల్లెటూరి బడికి వచ్చాను. పరుగుపందెంలో గెలిస్తే స్టీలు గిన్నె ఇస్తారని పరిగెత్తిన పైడితల్లి చేతిలో హెడ్మాస్టరు గారు నన్ను పెట్టారు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నాకూ మనసు చివుక్కుమంది. కానీ ఇల్లు చేరేలోపు నడుస్తూనే ఆరు పేజీలు చదివేసింది. గుమ్మంలో ఆగి మిగిలినవీ చదివింది. ఆ రాత్రి నేను తన తలగడ కింద పడుకున్నాను.

జాజికి మెత్తటి పరుపు ఉంటుంది. పైడితల్లికి కళ్ళంలో గడ్డి ఉంది. జాజి సన్నటి బల్ల మీద నడుస్తుంది. పైడితల్లి చేలగట్టు మీద నడిచేది. పడితే బురద, అంతే తేడా. చెల్లెలు కుమారి ఎదురుగా కూర్చుని నన్ను తెరిచి పట్టుకునేది. అక్కకి పదకొండు, చెల్లెలికి ఎనిమిది. నలుగురిలో నోరు విప్పని పిల్ల అది. తనని కూడా తిరగమంటే తల అడ్డంగా ఊపేది.

"ఇప్పుడు కాదులే. నీకు పదకొండేళ్ళు రానీ. నాను పుస్తకం పట్టుకుంతాను, నువ్వు తిరుగుదువు గాని," అంది ఒకరోజు పైడితల్లి. అని ఊరుకోలేదు. మర్చిపోకుండా నా పదహారో పేజీలో, జాజి బొమ్మ కింద, పెన్సిలుతో రాసింది: "తర్వాత కుమారి."

వాళ్ళ అమ్మ సన్యాసమ్మకి చదువు రాదు. గడ్డి మోపు కోసం వచ్చినప్పుడల్లా కేకలు వేసేది. "ఆడగుంటవేనా, కోతివా? ఆ తల కిందకెట్టి కాళ్ళు మీదకెట్టడం ఏటే?" అని. మోపు ఎత్తుకున్నాక మాత్రం వెంటనే కదిలేది కాదు. పెద్దకూతురు దిగి నిలబడేదాకా చూసేది. ఆ సంగతి పిల్లలకి తెలియదు. గడ్డి మీద పడి ఉన్న నాకు తెలుసు.

మరుసటి ఏడు మాఘమాసంలో పైడితల్లికి జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి మాట తడబడింది. ఐదో రోజు ఆటోలో పట్నం తీసుకెళ్ళారు. ఆరో రోజు ఆటో తిరిగి వచ్చింది. దాని గురించి ఇంతకంటే నేను చెప్పలేను.

పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ సన్యాసమ్మ ఒక్కటే మాట చెప్పేది. "తలకిందులయ్యి తలకిందులయ్యి, జొరం నెత్తికెక్కిపోయింది. ఆ పుస్తకమే నా కూతుర్ని తినేసింది." ఎవరూ కాదనలేదు. ఏడ్చే మనిషి మాటకి అడ్డు చెప్పరు కదా. నేను కాదని చెప్పాలనుకున్నాను. నాకు ఇరవై నాలుగు పేజీల మాటలున్నాయి గానీ అందులో ఆ ఒక్క మాటా లేదు.

పోయిన మనిషి బట్టలతో, చాపతో పాటు నన్నూ ఊరవతల పారేయమంది సన్యాసమ్మ. కుమారి నన్ను తీసి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, తన క్లాసు పుస్తకాల మధ్య దాచింది. అట్ట వేస్తే సన్యాసమ్మకి అన్ని పుస్తకాలూ ఒకటే. దసరాకి సరస్వతీ పూజ రోజున కూతురి పుస్తకాలన్నింటికీ తన చేత్తోనే పసుపు రాసేది. ఐదేళ్ళు నాకూ రాసింది. తను తిట్టిన పుస్తకానికే దండం పెడుతోందని నవ్వుకుందామనుకున్నాను. నవ్వు రాలేదు.

ఏటా పైడితల్లి పోయిన రోజున ఫొటో ముందు కొత్త బట్టలు పెడతారు. తర్వాత వాటిని కుమారి కట్టుకుంటుంది. అందుకని కొలతలు కుమారివే ఇచ్చేవారు. మొదట గౌను, తర్వాత లంగా జాకెట్టు. ఈ ఏడు పంజాబీ డ్రెస్సు. ఫొటోలో పిల్ల మాత్రం అంతే ఉంది.

"ఇది అక్కకి పెద్దదయిపోద్దమ్మా," అంది కుమారి.

సన్యాసమ్మ డ్రెస్సు మడత విప్పి చూసింది. మళ్ళీ మడిచింది.

ఆ సాయంత్రం కుమారి కొత్త డ్రెస్సుతోనే నన్ను తీసుకుని కళ్ళానికి వెళ్ళింది. మెల్లగా ఒక్కొక్క పేజీ చూసింది. అక్క బెల్లం తిన్న చేతుల మరకలు తడిమింది. జాజిని చూసి, "నువ్వూ ఎదగనేదు," అంది. మళ్ళీ ఆ మరకల మీద చెయ్యి పెట్టి, "అక్కా, నాను నీకన్నా పెద్దదాన్నయిపోనాను," అంది.

తర్వాత పదహారో పేజీ తెరిచి నన్ను రాయికి ఆనించింది. గాలికి పేజీలు తిరిగిపోయాయి. మళ్ళీ ఆనించింది. మళ్ళీ తిరిగిపోయాయి. ఆ ఒక్క పేజీ దగ్గర ఆగాలని నేనెంత బిగబట్టానో నాకే తెలుసు. పుస్తకాలకు చేతులుండవు. మూడోసారి గాలికి పసుపు మరకల క్యాలెండరు అట్ట ఊడి ఎగిరిపోయి, గడ్డి కోసం వచ్చిన సన్యాసమ్మ కాళ్ళ దగ్గర పడింది.

అట్ట ఊడిన నా మీద జాజి బొమ్మని గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు.

"ఇన్నాళ్ళూ దీనికా నాను పసుపు రాసింది?" అంది.

కుమారి లేచి నిలబడింది. ఇక నా బతుకు పొయ్యిలోనే అనుకున్నాను. "అక్క పట్టుకుంతానందమ్మా," అంది కుమారి. "నాకు పదకొండేళ్ళొస్తే తనే పట్టుకుంతానంది. రెండేళ్ళయిపోనాది."

 సన్యాసమ్మ చేతిలో తాడు కింద పడేసి, గడ్డిలో కూర్చుని, నన్ను తీసుకుంది. "ఏ బొమ్మ?" అని అడిగింది. కుమారి చూపించింది. సన్యాసమ్మ రెండు చేతులతో గట్టిగా, ఏ గాలికీ కదలకుండా, జాజి తల పైకొచ్చేలా, నన్ను తలకిందులుగా పట్టుకుంది.

కుమారి సరిచేయలేదు. గడ్డికుప్ప దగ్గరికి వెళ్ళి, చేతులు నేలకి ఆనించి, కళ్ళు మూసుకుని కాళ్ళు పైకి విసిరింది. మడమలు కుప్పకి ఆనుకున్నాయి. కళ్ళు తెరిచింది. తలకిందులైన కుమారికి నా అక్షరాలు సరిగ్గానే కనపడ్డాయి.

"తర్వాత కుమారి," అని చదివింది పైకే.

అంతే, చేతులు మడతపడి గడ్డిలో కూలిపోయింది. చాలాసేపు లేవలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

సన్యాసమ్మ పేజీ తిప్పలేదు.