గోతులు బారా

మీసం మీద ఒట్టు పెట్టేటప్పుడు మనిషి కాస్త ముందూ వెనకా చూసుకోవాలి. గవరయ్య ముందు చూసుకోలేదు, వెనక అంతకన్నా చూసుకోలేదు. ఎదురుగా కుర్చీలో బావమరిది అప్పలరాముడు కూర్చుని నవ్వుతున్నాడు. గవరయ్యకు ఆ నవ్వొక్కటే కనిపించింది.

"ఈ ఆదివారం కాదు, పై ఆదివారం. మజ్జానం బోజనాల యేళకి గోతులు తయారుగా లేకపోతే ఈ మీసం తీయించీసుకుంటాను. నువ్వే గొరుగు!" అన్నాడు.

"టీక్ హై బావా. కత్తి పదును పెట్టించి ఉంచుతాను" అన్నాడు అప్పలరాముడు.

అంత మాట దేనికొచ్చిందంటే, డెక్ దగ్గరొచ్చింది. సిప్పీఘాట్‌లో నీటివైపు దిగే వాలు మీద ఉంది గవరయ్య ఇల్లు. కూతురు స్వాతి బళ్లో లెక్కల టీచరు. ఇంటి వెనక ఖాళీగా ఉన్న రెండు గదులు టూరిస్టులకి ఇద్దామనీ, వాటి ముందు స్తంభాల మీద చెక్క డెక్ వేయిద్దామనీ ఆ పిల్లకి ఆలోచన వచ్చింది. పొద్దున్నే అక్కడ కూర్చుని టీ తాగుతుంటే కింద నీళ్లు కనబడతాయట.

"ఇంటికి డెక్ ఏటే? అది ఓడకుంటాది" అన్నాడు గవరయ్య. దీవుల మధ్య తిరిగే ఓడల మీద ముప్పై ఒక్క ఏళ్లు లస్కరుగా పనిచేసి, డెక్కులు కడిగి కడిగి రిటైరైన మనిషి. డెక్ కోసం మట్టి తవ్వాలన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

అప్పలరాముడు గరాచర్మలో కాంట్రాక్టరు. ఇళ్లు కడతాడు, గోడలు లేపుతాడు, అన్నింటికీ మించి అతని దగ్గరొక డ్రిల్లింగ్ మిషన్ ఉంది. "నా మిషన్ తెస్తే రెండు గంటల పని. బావకెందుకు శ్రమ, హాయిగా టీవీ చూసుకోమను" అన్నాడు. గవరయ్యకు చుర్రుమన్నది అక్కడే. రిటైరైన ఈ రెండేళ్లలో ఇంట్లో కుళాయి కారితే రాముడు మామ, ఫ్యాను ఆగితే రాముడు మామ, ఆఖరికి ఊరగాయ జాడీ మూత రాకపోయినా రాముడు మామే. తాను ఇదే ఇంట్లో, ఇదే కుర్చీలో, చేతులూ కాళ్లూ సలక్షణంగా పెట్టుకుని కూర్చున్నా ఎవరికీ గుర్తు రాడు. ఈసారి మాత్రం స్వాతి తండ్రి మొహం చూసి, "పోనీ నాన్నకే ఇద్దాం మామా" అంది. ఆ పని చేజారిపోతే మీసం ఉన్నా లేనట్టే అనిపించింది అతనికి. అందుకే ఒట్టు.

మర్నాడే స్వాతి పదిరోజుల ట్రైనింగుకని డిగ్లీపూర్ బస్సెక్కింది. వెళ్లేముందు డెక్ నాలుగు మూలలకీ నాలుగు కర్రమేకులు కొట్టింది. మిగతాది ఫోన్లో చెబుతానంది. దారిలోంచి ఫోన్ చేసింది కూడా.

"నాన్నా, గోతులు బారా ఉండాల. బారా కంటే కమ్ అయితే డెక్ ఊగిపోద్ది. సమఝే? ఇంక లోతు…"

అంతే, సిగ్నల్ పోయింది.

పీటముడి పడింది ఇక్కడే. స్వాతి చెప్పింది హిందీ బారా, అంటే పన్నెండు. దీవుల్లో పుట్టి పెరిగిన పిల్లలకి మాటలు తెలుగులో వచ్చినా అంకెలు హిందీలోనే వస్తాయి. గవరయ్యకు హిందీ రాదని కాదు. గడప దాటితే హిందీయే. కాని గొయ్యి, లోతు అని చెవిన పడేసరికి అతని బుర్ర తిన్నగా సముద్రంలోకి పోయింది. తాతల నాటి నుంచీ తాడు వదిలి, నీటి లోతును బారల్లో కొలిచిన వంశం వాళ్లది. రెండు చేతులూ బార్లా చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఎంతో, అది బార. గవరయ్య మంచి పొడగరి. అతని బార సరిగ్గా ఆరడుగులు.

"సూసేవా, నా కూతురికి బారల లెక్క తెలుసు!" అని భార్య యర్రమ్మ దగ్గర మురిసిపోయాడు. నైలాన్ తాడొకటి బారెడు కొలిచి కోసుకున్నాడు. మేకులు నాలుగున్నాయి గనక గోతులు నాలుగు అనుకున్నాడు. మధ్యలో ఒకటి తన తరఫున కలిపాడు. ఓడకైనా ఇంటికైనా నడుం దగ్గర బలం ఉండాలని అతని నమ్మకం.

ఇక ఆ మట్టి సంగతి. వానాకాలంలో చెప్పుల్ని మింగే బంకమట్టి అది, ఎండలు మొదలయ్యేసరికి బిగుసుకుపోయి ఉంది. మొదటి మేకు దగ్గర గునపం ఎత్తి వేస్తే ఠంగుమంది. రాయి కాబోలని జానెడు పక్కకి జరిగాడు. అక్కడా ఠంగే. సాయంత్రం దాకా ఠంగుఠంగులాడించి, చెమటంతా కార్చి, చూసుకుంటే చిన్న గిన్నె పట్టేంత పల్లం పడింది.

యర్రమ్మ టీ తెచ్చి వంగి చూసింది. "ఇది డెక్కుకా, కోడిపిల్లలకి నీళ్లెట్టడానికా?"

నీళ్ల మాట వినగానే గవరయ్యకు ఉపాయం తట్టింది. నాలుగు బకెట్లు పోసి నానబెట్టాడు. తెల్లారి చూస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి, ఒక కప్ప మాత్రం అదనంగా ఉంది. కప్పను సాగనంపి, నీళ్లు తోడి, గునపం వేస్తే పై బెత్తెడూ హల్వా, కింద మళ్లీ ఠంగు. ఆ హల్వా పారకు అంటుకుంటే వదలదు. విసిరితే మట్టి పోదు, పార పోతుంది. రెండుసార్లు పోయింది కూడా, ఒకసారి పక్కింటి తవిటమ్మ వంగతోటలోకి.

అయినా గవరయ్య వదల్లేదు. రోజూ కాస్త నానబెట్టడం, కాస్త పొడవడం, నూనె డబ్బాతో ఎత్తిపోయడం. నడుం లోతు దిగాక గోతిలోనే నిలబడి డబ్బాతో మట్టి పైకి విసిరేవాడు. అందులో సగం తిరిగొచ్చి నెత్తిన పడేది. ఎక్కి రావడానికి గోతి గోడకు గునపంతో కాలి మెట్లు చెక్కుకున్నాడు. రెండ్రోజులకొక గొయ్యి చొప్పున సాగింది పని. నాలుగో గోతిలో ఎడమ చెప్పు పోయింది. ఎంత కెలికినా దొరకలేదు.

బార లోతు గొయ్యిలో బార పొడుగు మనిషి నిలబడితే పైనుంచి ఏమీ కనిపించదు. టీ వేళకి యర్రమ్మ గ్లాసు పట్టుకుని ఒక్కో గొయ్యిలోకి తొంగిచూస్తూ తిరగాల్సి వచ్చేది. "ఏటయ్యా, ఏ గోతిలో ఉన్నావు?" అని అరిస్తే దగ్గు వినపడేది. దగ్గును బట్టి గొయ్యి పోల్చుకునేది.

"డెక్కు కడతన్నావా, నుయ్యి తవ్వుతున్నావా?" అని ఒకసారి అడిగింది.

"నీ కూతురు సెప్పిన కొలతే. నానేటి సొంతంగా తవ్వుతున్నానా?"

యర్రమ్మకు నమ్మకం కుదరక, స్వాతి మళ్లీ ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టించింది. "నాన్నా, పూరా బారా చేస్తన్నావు కదా?" అంది స్వాతి.

"పూరా బారే తల్లీ! ఒక్క అంగుళం తక్కువుండదు" అన్నాడు గవరయ్య.

అంగుళమేమిటో స్వాతికి అర్థం కాలేదు గాని, తండ్రి గొంతులో ఆ హుషారు విని చాలా రోజులైంది. నవ్వి పెట్టేసింది.

అనుకున్న ఆదివారం రానే వచ్చింది. బారెడు పొద్దెక్కేసరికి గవరయ్య ఐదో గోతిలో, అంటే మధ్య గోతిలో ఉన్నాడు. ఇంకో జానెడు తగ్గింది. తొందరకొద్దీ ముందురోజు సాయంత్రం రెట్టింపు నీళ్లు పోశాడు. జానెడూ తవ్వాడు, తాడు వేసి కొలిచాడు, సరిపోయింది. "అయిపోనాది!" అని కేకపెట్టి ఎక్కబోయాడు. మెట్టు చేతిలోకి వచ్చేసింది. రెండో మెట్టు కాలికింద హల్వా అయింది. మూడోది ఎక్కడుందో తెలియలేదు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో అప్పలరాముడి జీపు ఆగింది. బస్సు దిగిన స్వాతిని అతనే తీసుకొచ్చాడు. చొక్కా జేబులో కొత్త రేజరు ఉంది, పైకి కనబడేలా.

"అమ్మా, నాన్నేడీ?" అంది స్వాతి.

"ఇక్కడే తల్లీ" అంది నేల.

స్వాతి ఉలిక్కిపడి నాలుగడుగులు వేసింది. ఒక గొయ్యి చూసింది, ఇంకోటి చూసింది. "ఏక్, దో, తీన్, చార్… పాంచ్. నాన్నా, మిగతా సాత్ ఎక్కడ?"

"మిగతావేటి?"

"బారా అన్నాను కదా! బారా గోతులు!"

"బారే గదమ్మా. కొలుసుకో, తాడు నా దగ్గిరే ఉంది."

 స్వాతి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. అప్పలరాముడికి విషయం బోధపడింది. పొట్ట పట్టుకుని, "బారా అంటే బార! ఓరి బావా, బారా అంటే బార!" అంటూ నవ్వుతూ వెనక్కి ఒక అడుగు, ఇంకో అడుగు వేశాడు. మూడో అడుగు తడిమట్టి కుప్ప మీద పడింది. కుప్పతో సహా జర్రున జారి నాలుగో గోతిలోకి వెళ్లిపోయాడు.

గవరయ్య బారకు తవ్విన గొయ్యి అది. అప్పలరాముడు ఐదడుగుల రెండంగుళాలు. పైన చేతివేళ్లు మాత్రం కనబడ్డాయి.

"ఒరే రాముడూ! దెబ్బలేటైనా తగిలేయా?" అంది యర్రమ్మ.

"నేదక్కా. బావా, నీ సెప్పు దొరికింది. దాని మీదే పడ్డాను."

యర్రమ్మ తవిటమ్మ ఇంటికెళ్లి నిచ్చెన మోసుకొచ్చింది. ఒక గోతిలో మొగుడు, ఒక గోతిలో తమ్ముడు, చేతిలో నిచ్చెన ఒకటే. ఇద్దరూ ఒకేసారి తమ వైపు పెట్టమని అరిచారు. ఆవిడ నిచ్చెన నేలమీద పడుకోబెట్టి దానిమీద కూర్చుంది.

"ముందు మీసం గొడవ తెంచుకోండి. తెగేదాకా నిచ్చెన దిగదు."

మధ్య గోతిలో గవరయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తొమ్మిది రోజులు తవ్వింది తప్పయిపోయింది. మీసం పోతే పోయింది, మళ్లీ మొలుస్తుంది. రేపట్నుంచి స్వాతి ఇంక దేనికీ తనను అడగదు. 

"తియ్యిరా" అన్నాడు చివరికి. "ఒట్టు ఒట్టే. గోతులు పన్నెండు లేవు."

పైన స్వాతి వేళ్లు మడుస్తోంది. లెక్కల టీచరు కదా, ఊరికే ఉండలేదు. "ఒక్క నిమిషం. నాన్న బార ఆరడుగులు. ఐదారులు ముప్పై. నాకు కావలసినవి పన్నెండు గోతులు, లోతు ఢాయీ, అదే రెండున్నర అడుగులు. అంటే… అదీ ముప్పై! నాన్నా, బరాబర్ అంతే తవ్వేవు!"

"లెక్కలో నెగ్గితే డెక్కు నిలబడదే అమ్మా" అన్నాడు గవరయ్య నీరసంగా.

అప్పలరాముడి గోతిలోంచి గీరుతున్న చప్పుడు వచ్చింది. జీపు తాళంచెవితో గోడను గీకి చూస్తున్నాడు. తాళంచెవి వంగింది గాని మట్టి మీద గీత పడలేదు. పైనుంచి కిందిదాకా వేలెడు వేలెడు దూరంలో గునపం పోట్లు ఉన్నాయి. ఒక్కొక్కటీ చేత్తో తడిమాడు.

"బావా."

"ఏటి?"

"ఇదంతా గునపంతోనే తీసేవా?"

"నీ మిషన్ అడిగేనా?"

అప్పలరాముడు గొంతు సవరించుకున్నాడు. "ఒక మాట సెప్తాను, బయటికి పొక్కకూడదు. నా మిషన్ ఇందులో దిగదు. పోయిన నెల ఇలాటి మట్టిలోనే రెండడుగులు దిగి పళ్లన్నీ రాల్చీసుకుంది. షెడ్డులో పడుంది. నువ్వెలాగూ తవ్వలేవు, డెక్కే మానీస్తారు, నా మిషన్ ఎవరూ అడగర్లే అనుకున్నాను."

యర్రమ్మ నిచ్చెన మీంచి లేచి నిలబడింది. "ఓరి నీ దుంప తెగ! మరి ఆ రేజరేటిరా?"

"అది కూడా ఇరిగిపోనాదక్కా, పడ్డప్పుడు." అప్పలరాముడు గొంతు పెంచాడు. "స్వాతీ, మిగతావి కూడా మీ నాన్నకే ఇయ్యి తల్లీ. ఈ మట్టికి బావే కరెక్టు."

గోతిలో గవరయ్యకు కళ్లు చెమర్చాయి. బార లోతులో ఉండటం ఎంత మంచిదో అప్పుడు తెలిసింది, ఎవరికీ కనబడదు. మీసం సవరించుకోబోయి చేతిమట్టంతా దానికి పూశాడు.

యర్రమ్మ నిచ్చెన మధ్య గోతిలోకే దించింది. అభిమానంతో కాదు, ఈయన స్నానానికి ఎక్కువసేపు పడుతుంది, అన్నం చల్లారిపోతుంది. గవరయ్య పైకొచ్చాడు. బంకమట్టి ఎండి మీసం ఒకవైపు ఆకాశానికీ ఒకవైపు భూమికీ తిరిగి ఉంది. స్వాతి అది చూసి నవ్వాపుకుంటూ తండ్రి భుజం మీది మట్టి దులిపింది.

"నాన్నా, ఈసారి సాఫ్ సాఫ్ విను. లోతు ఢాయీ… రెండున్నర అడుగులు. గోతులు ఇంకా సా…"

"హిందీ వద్దే, నీకు దణ్ణం పెడతాను! తెలుగులో సెప్పు" అంది యర్రమ్మ.

స్వాతి గుర్తు చేసుకుని, గట్టిగా, ఒక్కో అక్షరం ఒత్తి చెప్పింది. "ఏడు, నాన్నా. ఏడు!"

"మీసం నిలబడింది గదమ్మా, నానెందుకు ఏడుస్తాను?" అని గవరయ్య గునపం అందుకున్నాడు.

"ఏడవాల్సింది నాను" అంది నాలుగో గొయ్యి. "ఎవరైనా ఆ నిచ్చెన ఇటు పెట్టండి."