ఎదురు మాట

గోళ్ల సందుల మసి ఎంత గీకినా పోదేందో, ఇరువై ఏండ్ల మసి, సబ్బు ఏం జేస్తది పాపం, అనుకుంటనే సర్దార్ గట్టయ్య బొగ్గు బాయి ఆఫీసు ముంగట బల్ల మీద ఇంకింత పక్కకు ఒరిగిండు, నడుము గుంజుతుంది, ఫస్టు షిఫ్టు ఇడిసి గంటయినట్టుంది, ఇంటికాడ సారక్క కూర గిన్నె మూత తీసి చూసి మళ్ల పెట్టి తిట్టుకుంట ఉంటది, తిట్టనీ, ఈ నడుమ దాని తిట్లు సుత యాడనో దూరంకెల్లి వచ్చినట్టే ఉంటున్నయి, ఎన్నిసార్లు పిలువాలెనయ్యా, చెవులల్ల పత్తి పెట్టుకున్నవా అంటది, మందు పేల్చే కాడ బత్కెటోని చెవులు గట్లనే ఉంటయే అని తను నవ్వుతడు, ఇయ్యాల నవ్వు రాదు.

పొద్దుగాల బాయిల మందు పేలింది, పొగ పోయింది, అప్పుడు సర్దారే ముందుగాల వొయ్యి కట్టెతోని పైబండను కొట్టి చూడాలె, గట్టి బండైతే ఖంగుమంటది, లోపట పగులుంటే పలిగిన కుండ లెక్క బోలుగ మోగుతది, సర్దార్ మంచిదంటేనే బొగ్గు తట్టలోళ్లు లోపటికి వోవాలె, తను కొట్టిండు, ఖంగుమన్నదా, అన్నట్టే అనిపిచ్చింది, మంచిగుంది నడువుండ్రి అన్నడు, గ్యాంగుల ఇస్హాక్ తట్ట లేపిండు, బుచ్చన్న లేపిండు, కాసిపేట నుంచి వచ్చి నాలుగు నెలలు సుత నిండని ఎల్లేశం మాత్రం కదల్లే, కాకా, బోలుగ మోగుతుంది, నేను రాను, మీరు సుత పోవద్దు, ఏందిరా, గుడ్డొచ్చి పిల్లను ఎక్కిరిచ్చినట్టు నాకే చెప్తవా అని తను ఎగిరిండు, వాడు అడ్డం నిలవడి చెయ్యి వట్టుకున్నడు, తను గుంజుకున్నడు, నోటికొచ్చినట్టు తిట్టిండు, ఆ లొల్లిల పావుగంట పాయె, ఆ పావుగంటలనే లోపట బండ కూలె, దుమ్ము మొఖాన కొట్టె, నలుగురికి నలుగురు పానాలతోని బయట నిలవడి ఉన్నరు.

ఇప్పుడేమో క్లర్కు కాగితం రాసి పెట్టిండు, సర్దార్ బండ చూసి మనుషులను ఆపిండని, మేనేజర్ దొర మస్తు ఖుష్ అయిండు, సంతకం పెట్టు గట్టయ్యా అంటడు, పెడితే ఏం వోయింది, ఎల్లేశం నోరు తెరుస్తలేడు, పెట్టక నిజం చెప్తే సర్దార్ పని చేసే టికెట్ గుంజుకుంటరు, యాభైకి దగ్గరవడ్డ పానం మళ్ల తట్ట మొయ్యాలె, పెడితే రేపు పొద్దుగాల ఇదే చెవితోని మళ్ల బండ కొట్టాలె, థూ, ఏం బత్కు, పక్క గ్యాంగు బండ కాడ అంగడి లెక్క లొల్లి జేస్తరు, ఒకడు ఔనంటే ఒకడు కాదంటడు, గట్టయ్య గ్యాంగుల పన్నెండేండ్ల సంది ఎదురు మాట లేదని దొరలే అంటే తను మీసం దువ్వుకున్నడు.

ఇస్హాక్ వచ్చి పక్కన కూసుండి బీడీ ముట్టిచ్చిండు, ఇస్హాక్, నిజం చెప్పు, పొద్దుగాల నీకెట్ల వినవడ్డది, ఇస్హాక్ నేల దిక్కే చూస్తుండు, బోలుదే గట్టన్నా, మరి బుచ్చన్నకు, గాయినకు సుత, మరి తట్టలెందుకు లేపిండ్రురా, నువ్వు మంచిదన్నంక ఏమంటమన్నా, పోయినేడు మన గ్యాంగుల సదయ్య బండ బోలుగుందని అంటే వారం దినాలు మోకాలు లోతు నీళ్లల్ల పని చేపిస్తివి, యాదికి లేదా.

యాదికి లేదు, సదయ్య మొఖం సుత సరిగ యాదికొస్తలేదు, గట్టయ్య మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని లేసిండు, ఆఫీసు లోపటికి పోయిండు, కాగితం మార్చు సారూ, మంచిదన్నది నేను, కాదన్నది ఎల్లేశం, నా చెవి పోయిందని సుత రాయి, టికెట్ పోతది ఎరికేనా అని క్లర్కు కండ్లద్దాలు తీసిండు, ఎరికే, అన్నడు గని గట్టయ్య పానమంత టికెట్ మీద లేదు, ఇంటికాడ ముగ్గురు పిల్లలున్న ఇస్హాక్, మొన్ననే తాతయిన బుచ్చన్న, బండ కూలుతదని ఎరికుండి తట్టలు లేపిండ్రు, నెత్తి మీది బండ కన్నా తన నోటికే ఎక్కువ భయపడ్డరు.