వేలి మందం

పాత సీటు చివరి నట్టు మొరాయించింది. సీసా మేస్త్రి దాని మీద నాలుగు చుక్కల కిరసనాయిలు వేసి, అది నానేదాకా కారు గుమ్మం మీద కూర్చున్నాడు. కుడికాలు చాచి, పొట్టిదైపోయిన ఎడమకాలు దాని పక్కన పెట్టుకున్నాడు. ఎడమ చెప్పు అడుగున మందపాటి రబ్బరు అతికించి ఉంది. అది అరిగినప్పుడల్లా పాత టైరు ముక్క కోసి తనే కొత్తది అంటించుకుంటాడు.

అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరూ సీసా అనే పిలుస్తారు. పక్క షెడ్డులో కార్లకు రంగులు కొట్టే మేస్త్రి అయితే షట్టరు ఎత్తగానే, ఏం సీసా, మూత తీశావా, అని పలకరిస్తాడు. అందులో విషం లేదు. సీసా కూడా నవ్వి ఊరుకుంటాడు. బుద్ధెరిగాక అతను మందు చుక్క నాలిక మీద వేసుకున్నది లేదు. ఆ సంగతి నమ్మే మనిషి లోకంలో ఒక్కతే, అతని భార్య. ఆవిడ కూడా పెళ్ళయిన చాలాకాలం దాకా, పక్కన పడుకుని ఊపిరి వాసన చూసి చూసి, అప్పుడు నమ్మింది.

నట్టు ఊడింది. సీటును రెండు చేతులా ఎత్తి, కుంటుకుంటూ తీసుకెళ్ళి గోడవారన పడేశాడు. కారు మేనమామది.

ఈ పని నేర్పింది ఆ మేనమామే. తండ్రి పోయిన మేనల్లుణ్ణి చేరదీసి, దబ్బనంలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి సీటును నేలకు బిగించడం దాకా చేయి పట్టి నేర్పాడు. నా కూతురు నీకేరా అని కూడా అన్నాడు. ఒకరోజు ఒక కారును జాకీ మీద లేపి పనిచేస్తున్నారు. పైన సీటు పట్టుకున్నది మామ. కింద దూరి నట్లు బిగిస్తున్నది మేనల్లుడు. జాకీకి ఆసరాగా పెట్టిన చెక్క దిమ్మెను మామ అంతకుముందే ఇంకో బండి కోసం లాగేశాడు. పెడతాలే, పెడతాలే అనుకుంటూ మరిచిపోయాడు. జాకీ జారింది.

పరుగెత్తుకొచ్చిన వాళ్ళందరికీ మామ ఒకటే మాట చెప్పాడు. వాడు తాగి ఉన్నాడు, వద్దంటున్నా వినకుండా కింద దూరాడు, అని. తొడ ఎముక అతుక్కుంది గానీ పొట్టిగా అతుక్కుంది. మామ షెడ్డు నిలిచింది, సంబంధం నిలవలేదు. తాగుబోతుకు పిల్లనెలా ఇస్తానని మామే నలుగురిలో అన్నాడు. తను పుట్టించిన అబద్ధాన్ని తనే నమ్మినట్టు నటించి, చివరికి కూతుర్ని వేరే చోట ఇచ్చాడు.

ఆ పగను సీసా ఎప్పుడూ అరిచి చెప్పుకోలేదు. కొందరు డబ్బు దాచుకున్నట్టు దాన్ని దాచుకున్నాడు. సీట్లు కుడుతున్నంతసేపూ అదే ధ్యాస. ఒక్కో కుట్టు దగ్గర మామకు ఒక్కో శిక్ష వేసేవాడు. చెయ్యి విరగాలి. నోరు పడిపోవాలి. వీధి మొత్తం నవ్వాలి. తల్లి చనిపోయినప్పుడు మామ వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, మీద వాలిన పురుగును దులిపినట్టు దులిపేశాడు.

నిన్న సాయంత్రం మామ కూతురు, ఆ మరదలే, ఈ కారు నడుపుకుంటూ వచ్చింది. పైన తాళ్ళతో కట్టిన రెండు సీట్లు. గుద్దుకుని తుక్కు కింద పోయిన ఒక కొత్త కారువి. సీట్లకు మాత్రం గీత పడలేదు. ఆవిడ జుట్టు సగం నెరిసింది. అతని కాలి వంక చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తూ మాట్లాడింది.

"నాన్నకి నడుం నిలవట్లేదు బావా. ఈ పాత సీట్లో కూర్చోబెడితే పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. రేపు మధ్యాహ్నం ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇంకెక్కడికైనా వెళ్దామంటే ఒప్పుకోలేదు. నీ దగ్గరే బిగించాలట."

ఉంచి వెళ్ళమన్నాడు. ఇంటికెళ్ళి చెబితే భార్య చేస్తున్న పని ఆపి, కాదని ఒక్క మాట అనలేకపోయారా అంది. పనే కదా అన్నాడు. ఆవిడ అతని ముఖంలోకి చూసి, పొద్దున క్యారియరు చేతికిస్తూ, కోపం ఇక్కడ పెట్టి వెళ్ళండి, సాయంత్రం వచ్చి తీసుకుందురు గాని, అంది.

కొత్త సీట్లు పాత కారుకు ఊరికే ఒదగవు. కొత్త సీటు కింది పట్టాలు వెడల్పు, పాత కారు నేలలో కన్నాలు ఇరుకు. ఎత్తు కూడా ఎక్కువే, ఉన్నదున్నట్టు పెడితే తల కప్పుకు కొట్టుకుంటుంది. సీసా సీట్ల కాళ్ళు కత్తిరించి ఎత్తు తగ్గించాడు. ఇనప పట్టీలు కోసి, కొలత చూసి కన్నాలు వేసి, ఒక వరస కన్నాలు నేలకూ ఒక వరస సీటుకూ సరిపోయేలా మధ్యలో అడ్డపట్టీలు తయారుచేశాడు. ముందు డ్రైవరు సీటు బిగించాడు. దాని మీద రసమట్టం పెడితే బుడగ కదలకుండా మధ్యలో నిలిచింది. మరదలు కూర్చునే సీటు అది. ఆవిడ మీద అతనికి కోపం లేదు.

పక్క సీటు దగ్గరికి వచ్చేసరికి చేతులు నెమ్మదించాయి. చెప్పులు విప్పి, వీపు గోడకు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. ఎడమ మడమ కింద సందు పడింది. వంగి ఆ సందులో చూపుడువేలు దూర్చాడు. సరిగ్గా పట్టింది. తర్వాత సీటు తలుపు వైపు పట్టీ కింద ఇనప బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చుతూ, ఆ దొంతర తన వేలి మందం అయ్యేదాకా పేర్చాడు.

బోల్టులు మాత్రం గట్టిగానే బిగించాడు. చంపాలని లేదు. చస్తే ఆ పూటతో సరి. ఇదైతే కూర్చున్న ప్రతిసారీ నడుం ఒక పక్కకు గుంజుతుంది. ఎందుకు గుంజుతోందో తెలియదు. ఎవరికైనా చెబితే, కొత్త సీట్లు కదా నీ భ్రమ అంటారు. చెప్పినా ఎవరూ నమ్మకపోవడం ఎలా ఉంటుందో మామ కూడా కాస్త రుచి చూడాలి. దొంతర కనిపించకుండా నల్లటి రెక్సిన్ ముక్క అడ్డం కట్టి, సీటు మీద రసమట్టం పెట్టాడు. బుడగ ఒక కొసకు పారిపోయి అక్కడే ఉండిపోయింది. దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత చేతులు కడుక్కుని క్యారియరు గిన్నెలన్నీ ఖాళీ చేశాడు.

మధ్యాహ్నం అద్దె బండిలో వాళ్ళిద్దరూ వచ్చారు. మామను చూసి సీసా ముందు ఆయనే అనుకోలేదు. తలుపంత మనిషి గడపంత అయ్యాడు. ఒక చెయ్యి కూతురి భుజం మీద, రెండో చేతిలో నడుముకు పెట్టుకునే చిన్న దిండు. పలకరింపులు లేవు. దిండును స్టూలు మీద పెట్టించి, కొత్త సీట్లో మెల్లగా కూర్చున్నాడు. తుంటి ఒకసారి ఇటు, ఒకసారి అటు కదిపాడు. కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు ఆయన చెయ్యి సీటుకూ తలుపుకూ మధ్య సందులోకి దిగి, రెక్సిన్ ముక్కను పక్కకు నెట్టి, బిళ్ళల అంచులు ఒక్కొక్కటే తడుముకుంటూ పోయింది.

"ఎంత పెట్టావురా?" అన్నాడు.

"నా కాలు ఎంత తగ్గిందో అంత."

మరదలికి అర్థం కాలేదు. సరిగ్గా లేదా నాన్నా అని అడిగింది. సరిగ్గానే ఉందన్నాడు ముసలాయన.

"ఆ రోజు వీడు తాగలేదమ్మా. దిమ్మె తీసింది నేను."

ఆవిడ చూపు అతని కాలి మీదికి దిగింది. ఈ మాట వినే రోజు వస్తే తను ఏడుస్తాడనో, ఆయన మీద పడతాడనో సీసా ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. అలాంటిదేమీ జరగలేదు. లోపల ఉన్నది చల్లారలేదు, ఇంకా రాజుకుంది.

"నాకు తెలిసిన సంగతే అది. నాకు చెప్పడం దేనికి మావయ్యా? వీధికి చెప్పు."

"పిలువు," అన్నాడు మామ.

సీసా వెళ్ళి రంగుల మేస్త్రిని పిలుచుకొచ్చాడు. ముసలాయన అదే మాట మళ్ళీ చెప్పాడు. ఈసారి అబద్ధం ఎందుకు ఆడిందీ, షెడ్డు మూయిస్తారని ఎలా భయపడిందీ కూడా కలిపి చెప్పాడు. రంగుల మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నేల చూపులు చూశాడు. ఏదో అనబోయి "సీసా" అని, ఆ పిలుపు దగ్గరే ఆగిపోయాడు. ఇంకేమని పిలవాలో తెలియక అలాగే వెళ్ళిపోయాడు.

సీసా పానా తీసుకుని తలుపు దగ్గర వంగాడు. దిగితే సరిచేస్తానన్నాడు, ముఖం చూడకుండా.

"వద్దురా. ఇలాగే వెళ్తాను. ఇందుకే నీ దగ్గరికి తెమ్మన్నాను."

తను వేసిన శిక్షను ఆయన అడిగి తీసుకుంటున్నాడు. తెలియకుండా పడాల్సిన బాధను తెలిసి పడతానంటున్నాడు. ఆఖరికి ఇది కూడా తనకు మిగలనివ్వలేదు. చెయ్యి పట్టి దింపి ఆ బిళ్ళలు పీకి పారేయవచ్చు. సీసా ఆ పని చేయలేదు. నీ ఇష్టం అని తలుపు వేశాడు, అవసరమైనదానికన్నా గట్టిగా. మరదలు బండి తీస్తూ బావా అంది. కారు మలుపు తిరిగేదాకా చూసి, అతను మిగిలిన పని ముందేసుకున్నాడు.

షట్టరు దించే వేళకు ఫోను మోగింది.

"నాన్న పోయాడు బావా," అంది మరదలు. "ఆస్పత్రి గేటు దగ్గర చూసుకున్నాను. దారిలో ఒక పక్కకి ఒరిగితే, నిద్రపట్టిందనుకున్నా."

వస్తున్నానన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, దీపం ఆర్పబోయి ఆగాడు. స్టూలు మీద మామ దిండు ఉంది. గలేబు అంచున తలనూనె మరక, నడిమధ్యలో ముసలి నడుం చేసిన గుంట, ఇంకా పొంగలేదు.