మెడ తిప్పితే చీకటి

షెడ్డులో బస్సును వెనక్కి తీస్తూ డ్రైవరు మెడ బాగా తిప్పి చూశాడు. అంతే, కళ్ళు బైర్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి బస్సు గోడను గుద్దుకుని ఆగి ఉంది. మెకానిక్ తలుపు బాదుతున్నాడు.

"ఏమైందన్నా?"

"కునుకు పట్టిందిరా," అని బొంకాడు. లోపల మాత్రం వేరే భయం. తన తండ్రి పక్షవాతంతో మంచాన పడింది కూడా సరిగ్గా ఈ వయసులోనే. ఆ భయాన్ని ఎవరికీ చెప్పుకోలేక, ఇంట్లో కూడా గుట్టుగా ఉండిపోయాడు.

మర్నాడు గడ్డం గీసుకుంటూ దవడ కింద బ్లేడు ఆనించాడో లేదో, మళ్ళీ చీకటి. దబ్బున పడిన చప్పుడుకు భార్య పరుగెత్తుకొచ్చింది.

"నుదురు చిట్లిపోయింది! ఏమీ లేదంటే ఊరుకునేది లేదు. పదండి ఆసుపత్రికి!"

డాక్టరమ్మ బీపీ చూసింది. మామూలుగానే ఉందంది. అది విని అతను మరింత బెదిరిపోయాడు. అన్నీ బాగుంటే మరి ఈ పడిపోవడమేమిటి?

"పడిపోయే ముందు ఏం చేస్తున్నారు?"

"నిన్న మెడ తిప్పానండి. ఇవాళ గడ్డం."

ఆవిడ అతని బిగుతు కాలరు వదులు చేయించి, పడుకోబెట్టి, ఛాతీకి ఈసీజీ తీగలు తగిలించింది. దవడ కింద రెండు వేళ్ళతో మెల్లగా నొక్కింది. తెర మీద ఎగిరిపడుతున్న గీత సాపుగా అయిపోవడం అతను కళ్ళారా చూశాడు. భార్య పెట్టిన కేక ఎక్కడో దూరాన వినబడింది.

తేరుకున్నాక ఒళ్ళంతా చెమటలు.

"చచ్చిపోయానా అమ్మా?"

"లేదు, కొద్ది క్షణాలు గుండె ఆగిందంతే," అంది డాక్టరమ్మ. "మెడ రక్తనాళంలో ఒకచోట రక్తం ఎంత ఒత్తిడితో వస్తోందో కనిపెట్టే నరాలుంటాయి. ఒత్తిడి పెరిగితే అవి మెదడుకు కబురు పెడతాయి. మెదడు గుండెను నెమ్మదింపజేస్తుంది, నాళాలను వదులు చేస్తుంది. తగ్గితే గుండెను తొందరపెడుతుంది. అందరికీ అంతే. మీకు మాత్రం పైనుంచి కాస్త నొక్కితే చాలు, ఒత్తిడి అమాంతం పెరిగిపోయిందని అవి పొరబడుతున్నాయి. మెదడు గుండెనే ఆపేస్తోంది."

అతను లేచి కూర్చున్నాడు. "బస్సులో జనం ఉండుంటే?"

అతను అక్కడికక్కడే డిపో మేనేజరుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పేశాడు.

గుండె ఆగబోతే దాన్ని కొట్టుకునేలా చేసే పేస్‌మేకరు పెట్టారు. కొన్ని వారాల తర్వాత డాక్టరమ్మ మళ్ళీ అక్కడే వేళ్ళు పెట్టబోతే, భార్య చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"నొక్కుతున్నా గీత ఎగురుతూనే ఉంది. కళ్ళు తెరవండి."

"ముందు మీరు చెయ్యి తియ్యండమ్మా!"