మీకూ కనబడలేదు కదా?

మెట్ల పక్క గోడ మళ్ళీ మాయమైంది.

ఆయన మౌస్ మీంచి చెయ్యి తీసి, కుడికన్ను మూసి చూశాడు. గోడ లేదు. ఎడమకన్ను మూసి చూశాడు. అప్పుడూ లేదు. బొమ్మని కాస్త పక్కకి జరపగానే, ఎక్కడికీ పోనట్టే వచ్చి కూర్చుంది. చుట్టూ చూశాడు. ఎవరూ గమనించలేదు.

ఇళ్ళకీ ఆసుపత్రులకీ ప్లాన్లు తయారుచేసే ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ బావగారనే పిలుస్తారు. నిజానికి ఆయన బావ అయ్యేది యజమాని ఒక్కడికే. తర్వాత చేరినవాళ్ళంతా ఆ పిలుపునే పట్టుకున్నారు. ఆఖరికి కొరియర్ తెచ్చేవాడికీ బావగారే. ఇంజనీర్లు ఇచ్చిన చిత్తుబొమ్మల్ని కంప్యూటర్లో శుభ్రంగా గీయడం ఆయన పని. సొంతంగా ఒక్క ఇంటికీ రూపం ఇవ్వలేదు, ఇవ్వాలని అనుకోనూ లేదు. గీత గీతతో మూలలో సరిగ్గా కలిస్తే చాలు, ఆ పూట అన్నం సయించేది.

ఈమధ్య ఆ గీతలే మినుకుమినుకుమంటున్నాయి. ఉండుండి పోతున్నాయి, వస్తున్నాయి. ఆయన తండ్రికి చూపు ఇలాగే పోయింది. ముందు వస్తువుల అంచులు, తర్వాత మనుషుల మొహాలు. అందుకే ఎవరికీ చెప్పలేదు, భార్యకు అసలే చెప్పలేదు. నిన్న మాత్రం ఉన్న తలుపు కనబడక పక్కనే ఇంకో తలుపు గీశాడు. యజమాని చూసి, "ఏంటి బావా, ఒక్క గదికి రెండు తలుపులా? అక్కయ్య తరిమితే పారిపోడానికా?" అన్నాడు. ఆయనా నవ్వాడు. పొద్దున్న మాత్రం ధైర్యం కూడగట్టుకుని, "మిషన్ కాస్త తేడాగా ఉంది" అన్నాడు.

మధ్యాహ్నం కంప్యూటర్లు బాగుచేసే ఆవిడ వచ్చింది. ఆవిడ చూసినంతసేపూ ఒక్క గీత చెదరలేదు.

"దీనికేమండీ, చక్కగా ఉంది."

"మీరొచ్చారని బుద్ధిగా ఉంది. కాసేపు కూర్చోండమ్మా," అన్నాడు.

ఆ గొంతు విని, లేవబోయిన ఆవిడ సంచి మళ్ళీ కింద పెట్టింది. "మీ పని మీరు చేసుకోండి. నేను చూస్తుంటాను."

ఆయన గీశాడు. బొమ్మని దగ్గరికి లాగాడు, దూరం నెట్టాడు. కిటికీలోంచి పడే ఎండ పక్కబల్ల మీదికి జరిగింది. ఉన్నట్టుండి వరండా మొత్తం పోయింది.

"పోయింది! మీకూ కనబడలేదు కదా?"

"లేదండీ. నాకూ కనబడలేదు."

"నిజంగా?"

"నిజంగానే. వరండా లేదు, స్తంభాలూ లేవు."

మిషన్ పాడైతే అంత సంబరపడ్డ మనిషిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే చూడనట్టు తెర వైపు తిరిగింది. తెరకి బొమ్మలు అందించే కార్డుని కాసేపు పని చెయ్యకుండా ఆపింది. గీతలు నిలిచాయి గానీ మిషన్ నత్తనడక పట్టింది. "కార్డు మంచిదే. దాన్ని నడిపే ప్రోగ్రాం కొత్తది దానంతటదే ఎక్కేసింది. పేచీ దాంతోనే," అని పాతది ఎక్కించి, కార్డుని మళ్ళీ పనిలో పెట్టింది. గోడలు గోడల్లా నిలబడ్డాయి.

"ఉంటాను బావగారూ," అంది వెళుతూ, తనకే తెలియకుండా.

సాయంత్రం ఇంటి మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చింది. సంతోషం వల్లేమో అనుకున్నాడు.

"నా కళ్ళకేం కాలేదోయ్," అన్నాడు భార్యతో.

"కళ్ళకేమైందని?"

అప్పుడు మొత్తం చెప్పాడు. "ఇన్నాళ్ళూ ఒక్కరే మోశారా? మరి నేనెందుకున్నట్టు?" అంది. కోపంగానే అంది గానీ, వేళ్ళతో ఆయన కనుబొమలు నిమిరింది.

ఆయన ఆమె కుట్టుపని బుట్ట ముందుకు లాక్కున్నాడు. సూదిలో దారం ఎక్కించడం ఆమెకెప్పుడూ కష్టమే. ఒక్కో సూదినీ వెలుతురుకెత్తి ఎక్కించడం మొదలుపెట్టాడు.

"ఇన్నెందుకండీ? ఒకటి చాలు."

"ఉండు, చూడనీ. ఒక్క దెబ్బకే దూరుతోంది!"

ఆమె నవ్వుకుంటూ టీ పెట్టడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆయన తల కుర్చీకి ఆనించి ఉన్నాడు. కునుకు పట్టిందనుకుని, చల్లారకుండా కప్పు మీద మూత పెట్టింది. కాసేపాగి పిలిచింది. మళ్ళీ పిలిచింది.

గుండె ఆగిందన్నాడు డాక్టరు.

అన్నీ అయిపోయాక ఒకనాడు ఆఫీసు నుంచి తమ్ముడొచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. అతని చొక్కాకి గుండీ ఒకటి ఊడి వేలాడుతోంది. "ఇలా రా," అని ఆమె బుట్ట తెరిచింది. సూదులు గుచ్చే చిన్న దిండు పైనే ఉంది. ప్రతి సూదిలోనూ దారం ఉంది. ఎరుపు, తెలుపు, నలుపు, నీలం. అన్నీ ఒకే పొడవున కత్తిరించి, చివర ముడి వేసి ఉన్నాయి.