ఎండ తిన్న తాడు

మాచర్లలో నా కొట్టు ముందు నైలాన్ తాళ్ల చుట్టలు రెండు ఎప్పుడూ వేలాడుతుంటాయి. అవి అమ్మకానికి కాదు, బస్సు దిగినవాడికి దూరం నుంచే కొట్టు కనిపించాలని. పల్నాడు ఎండలో రెండు వేసవులు వేలాడిన తాడు చూపుకు మంచి తాడులాగే ఉంటుంది. చేత్తో నులిమితే మాత్రం తెల్లటి పొడి రాలుతుంది. అలాంటిదాన్ని మేకను కట్టడానికైనా ఇవ్వను. ఇస్తే మర్నాటికి మేకా ఉండదు, ఆ బేరగాడూ మళ్లీ రాడు.

అలాంటి చుట్ట ఒకటి మా చర్చి ఆడపిల్లలకు ఇచ్చాను.

దసరా సెలవుల్లో మా చర్చి యూత్ క్యాంపు ఊరి బయట పాత క్వారీ దగ్గర జరుగుతుంది. ఏటా మగపిల్లలకు తాడు పట్టుకుని దిగడం, నిప్పు రాజేయడం నేర్పేవాళ్లు. ఆడపిల్లలకు పాటలు, వాక్యాలు కంఠతా పట్టడం, వంటలో సాయం. ఈసారి దయామణి మేడం ఒప్పుకోలేదు. ఆమె గురజాల దగ్గర హైస్కూల్లో పీఈటీ. కమిటీ మీటింగులో లేచి నిలబడింది.

"మిరపకోతలకి వాగు దాటి పోయేది ఎవరండీ? ఈ పిల్లలే గదా. పాము కరిస్తే ఏం చెయ్యాలో తెలీదు, వాగు పొంగితే తాడు వెయ్యను రాదు. పాట పాడుకుంటా నిలబడమంటారా?"

కమిటీ పెద్ద సుధీర్ బాబు నవ్వాడు. "కానియ్యండి మేడం, ఒక్క ఏడు చూద్దాం. ఏదన్నా అయితే మాత్రం మళ్లీ అడగొద్దు."

తాళ్లు ఎవరిస్తారంటే నేనే చెయ్యెత్తాను. నా కూతురు హెప్సిబా ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ఆడపిల్లల గుంపుకు తనే లీడరు.

మగపిల్లల కోసం లోపలి గదిలోంచి లారీ లోడు కట్టే కొత్త మోకు తీశాను. మేడం రాసిచ్చిన ఆడపిల్లల చీటీలోనూ అదే ఉంది. కానీ నాలోని వ్యాపారి అడ్డం పడ్డాడు. వీళ్లు దిగుతారా పెడతారా, నాలుగు ముడులు వేసి ఫొటోలు తీయించుకుంటారు, దానికి కొత్త చుట్ట పాడుచేయడం ఎందుకన్నాడు. కొట్టు ముందున్న చుట్టను దింపి, తడిగుడ్డతో తుడిచి, ఆటోలో వేయించాను. తుడిచాను చూశారా, తప్పంతా అక్కడే ఉంది. తెలియక ఇచ్చేవాడు తుడవడు.

మూడో రోజు పొద్దున క్యాంపు చూద్దామని వెళ్లాను. క్వారీలో రెండు నిలువుల ఎత్తున్న గట్టు మీద ఆడపిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. అప్పటికే నలుగురు దిగారట. అయిదో పిల్ల కెజియా నడుముకు తాడు కట్టుకుంటోంది. తొమ్మిదో తరగతి. తల్లి కొండమ్మ లారీలకు రాళ్లెత్తే కూలికి పోతుంది.

"అంకుల్, మీరూ దిగుతారా? మీ పొట్టకి రెండు తాళ్లు కావాలే!" అంది కెజియా.

అందరూ నవ్వారు. "ఏమే, మా నాన్ననంటావా? దిగు ముందు," అంది హెప్సిబా.

ఆపమని అరవాలి. అరిస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలి? నలుగురు దిగారు గదా, ఇంకొకరికీ ఆగకపోతుందా? ఈ లెక్క తేలేలోపే కెజియా గట్టు దిగడం మొదలెట్టింది, సగంలో తాడు తెగింది.

నిలువెత్తు నుంచి కంకర మీద పడింది కెజియా. ఎడమ చెయ్యి విరిగింది. ఆటోకు ఫోన్ చేద్దామని తీసి, ఎవరికి చేయాలో తోచక నిలబడిపోయాను. ఆ పిల్లలు మాత్రం ఒక్కరూ ఏడవలేదు. చేతికి రెండు కర్రబద్దలు ఆనించి చున్నీలతో కట్టారు. రెండు కర్రలకు దుప్పటి చుట్టి, పిల్లను పడుకోబెట్టి, కుదుపు లేకుండా రోడ్డుదాకా మోశారు. ఫొటోల కోసమే అనుకున్న చదువు అది.

ఆసుపత్రిలో చేతికి పిండికట్టు వేయించాక, సాయంత్రం అందరం చర్చిలో కూర్చున్నాం.

"ముందే చెప్పా గదా మేడం! ముడి వెయ్యను రాని పిల్లల్ని..." అన్నాడు సుధీర్ బాబు.

"ముడి ఊడలేదండీ, ఇంకా రాయికే ఉంది. తాడు తెగింది." దయామణి మేడం పిల్లల వైపు తిరిగింది. "దిగేముందు మూర మూరకీ నులిమి చూడమన్నానా లేదా? ఎవరు చూశారు?"

హెప్సిబా లేచింది. "నేనే మేడం. చూశానని చెప్పాను. చూళ్లేదు."

"ఎందుకని?"

"మా కొట్లోది గదా అని."

తను నావైపు తిరగలేదు. అయిదేళ్లప్పటి నుంచి తాళ్ల మధ్య పెరిగిన పిల్ల. తెగిన కొస పట్టుకోగానే అదేమిటో తెలిసే ఉంటుంది. అయినా తప్పు తన మీదే వేసుకుంది.

"అయిపోయింది. రేపట్నుంచి ఆడపిల్లలు పాటలకి," అన్నాడు సుధీర్ బాబు. మేడం కూర్చుండిపోయింది. పాస్టరు గారు ప్రార్థనకు తలలు వంచమన్నారు. నేను ఊరుకుంటే నా కొట్టుకు మచ్చ లేదు. ఈ పిల్లలు తిరిగి వంటపాకలోకి పోతారు, అంతే. పాస్టరు గారు "ప్రభువా" అన్నారు.

"ఆగండయ్యా," అన్నాను.

ప్రార్థన ఆపినవాణ్ణి మా చర్చిలో నేనెప్పుడూ చూడలేదు.

"ఆ తాడు రెండేళ్లు ఎండలో వేలాడింది. తెలిసే ఇచ్చా. పిల్లల తప్పు లేదు."

"తెలిసే ఇచ్చావా?" సుధీర్ బాబు నోరు తెరిచాడు. "నీ పిల్ల గూడా దిగేది గదా జక్కయ్యన్నా!"

వెనకనుంచి కెజియా తల్లి కొండమ్మ అడిగింది.

"మగపిల్లలకిచ్చిన తాడు ఎట్టాంటిది?"

"కొత్తదమ్మా."

కొండమ్మ తిట్టలేదు. తనకు ముందే తెలిసిన సంగతి విన్నట్టు తల ఊపింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆడపిల్లలకు నేర్పడం ఆపేది లేదని పాస్టరు గారు తేల్చారు. మర్నాడు పొద్దున్నే కొత్త మోకు తీసుకుని వెళ్లాను. హెప్సిబా ఎదురొచ్చింది.

"ఇది ఏడ వేలాడింది?"

"లోపలి గదిలోదమ్మా. నిన్ననే సంచి విప్పా."

తను రాయి మీద కూర్చుని, తాడు ఒళ్లో వేసుకుని, మూర మూరకీ నులుముతూ చూడసాగింది. మిగతా పిల్లలు కదలకుండా నిలబడ్డారు. సరుకు దింపి, కొనేవాడు ఏమంటాడోనని కాచుకునే పరాయి ఊరి వ్యాపారిలా నేనూ నిలబడ్డాను. చివరి కొసదాకా వచ్చాక తెల్లపొడి అంటిందేమోనని అరచేతులు ఎండలో పెట్టి చూసుకుంది.

"సరిపోద్ది మేడం," అంది. నాతో కాదు.