మరిడమ్మ మోకాళ్ళూ నా నాలుగు కాళ్ళూ

నేను ఒక కుర్చీని. ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మీ దగ్గర నా పరువు నిలబడేది. కానీ నా నడుమ గుండ్రటి కన్నం ఉంది, దాని కింద నీలం బకెట్టు వేలాడుతుంది. ఇప్పుడు మీరు ముక్కు కొంచెం పక్కకి తిప్పారు. ఫర్వాలేదు, నాకు అలవాటే. కమోడ్ కుర్చీ అని నా పేరు గట్టిగా పలికినవాళ్ళని ఈ తొమ్మిదేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

బెజవాడలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నాతోపాటు అదే గొట్టాల కట్టలోంచి కోసిన ముక్కలు కొన్ని ఫంక్షన్ హాలు కుర్చీలై, పట్టుచీరలూ పూలదండలూ చూసుకుంటూ బతుకుతున్నాయి. నేను చూసేదేమిటో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. అయితే ఒకటి, పెళ్ళికొచ్చినవాడు కుర్చీలో కాలు మీద కాలేసుకుని గొప్పలు చెబుతాడు. నా మీద కూర్చున్నవాడికి అంత ఓపిక ఉండదు. అందుకే మనుషుల సంగతి నాకు తెలిసినంత వాళ్ళ చుట్టాలక్కూడా తెలియదు.

నన్ను మొదట కొన్నవారు పేరిరాజు గారు. రావులపాలెం పక్క ఊళ్ళో నీటి సంఘానికి పదేళ్ళు అధ్యక్షులు. ఊరి కాలువలన్నీ ఆయన మాట వినేవట, మోకాళ్ళు మాత్రం వినలేదు. ఆపరేషన్ ముందు దుకాణానికొచ్చి, నా వైపు చూడకుండా వేలు చూపించి, "అది... అదిగో, అది కట్టండి" అన్నారు. దుప్పటి కప్పి కారులో పడుకోబెట్టి తీసుకెళ్ళారు. దారిలో ఎవరో పలకరిస్తే కుట్టుమిషను అని చెప్పారు.

ఆపరేషనైన మూడో రోజు పొద్దున ఆ పెద్దమనిషి నా మీంచి లేవబోయి, లేవలేక, "అమ్మా" అని ఏడ్చారు. మీసాలు తడిసిపోయాయి. తలుపు వేసి ఉంది కాబట్టి ఆ ఏడుపు నేనొక్కణ్ణే విన్నాను. మూడు నెలల తర్వాత ఇంటికొచ్చి ఎవరడిగినా, "ఆఁ, ఏముందయ్యా, చీమ కుట్టినట్టుంటుంది" అని చెప్పడం మొదలుపెట్టారు. నేను అటక మీద ఉండి వింటూ ఊరుకున్నాను. నాకు నోరుంటే ఆయన పరువు ఆ రోజే కాలువలో కలిసేది.

ఫిజియోథెరపీ గది బయట బల్ల మీద ఎస్తేరు టీచరు ఆయన్ని కలిశారు. హైస్కూల్లో ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, మొహమాటం లేదు. "రాజుగారూ, మీ కమోడ్ కుర్చీ ఖాళీగానే ఉంది కదండీ? వచ్చే నెల నాకు ఆపరేషన్. పంపించండి" అన్నారు. రాజుగారి తాతగారు టీచరుగారి తాతని అరుగు కూడా ఎక్కనివ్వలేదట. ఆ మనవడు కూర్చున్న చోటనే ఆ మనవరాలు కూర్చుంది. దేశంలో పెద్దపెద్దవాళ్ళు చెయ్యలేకపోయిన పని నేను నా కన్నంతో చేశాను. దీనికి నాకెవరూ శాలువా కప్పలేదు.

అలా పుట్టింది మోకాళ్ళ సంఘం. కోయించుకున్నవాళ్ళు కోయించుకోబోయేవాళ్ళ ఇంటికి రోజూ సాయంత్రం వెళ్ళాలి, తువాలు చుట్టి మోకాలి కింద పెట్టి నొక్కించాలి, చేతులు ఆనించకుండా లేచి నిలబడడం నేర్పించాలి. పదిహేను రోజుల ముందే నన్ను ఆ ఇంటికి చేర్చాలి, ఎందుకంటే అలవాటు లేని పిరుదులు ఆపరేషనయ్యాక నా మీద మొండికేస్తాయని టీచరుగారి అనుభవం. నా సీటు అడుగున ఆవిడ మార్కరుతో ప్రతివారి పేరూ, ఏ కాలో, ఆపరేషన్ తారీఖూ రాసేవారు. అందులో అయిదో పేరు మరిడమ్మది. దాని పక్కన తారీఖు మూడుసార్లు రాసి, రెండుసార్లు కొట్టేసి ఉంటుంది.

మరిడమ్మ పూతరేకులు తీస్తుంది. నలభై ఏళ్ళుగా నేల మీద పీట వేసుకుని, బోర్లించిన కుండ ముందు మోకాళ్ళు మడిచి కూర్చుని, పలచటి పిండిలో ముంచిన గుడ్డని వేడి కుండ మీద ఒక్కసారి లాగి, కాగితంలాంటి రేకు లేపుతుంది. ఆ కూర్చోడమే ఆవిడ మోకాళ్ళని తినేసింది. అయిదడుగులు నడిస్తే ఆరో అడుగుకి గోడ పట్టుకోవాలి.

నన్ను చూడగానే ఆవిడ చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "నోట్లో పెట్టుకునే సరుకు తీసే ఇల్లండీ ఇది. దాన్ని నేను గడప తొక్కనివ్వను" అంది. రాజుగారు బతిమాలారు, టీచరుగారు గదమాయించారు. చివరికి ఇంటికీ, రేకులు తీసే పాకకీ మధ్యనున్న వసారాలో ఓ మూల నిలబెట్టి, మీద పాత చీర కప్పి, ఇక నా వైపు చూడడం మానేసింది.

ఇక షుగరు సంగతి. మూణ్ణెల్ల సగటు ఎనిమిదికి దిగితేనే కత్తి పట్టుకుంటానని డాక్టరుగారు ఖరాఖండీగా చెప్పారు, లేకపోతే పుండు మానదని. మొదటిసారి తొమ్మిదీ పాయింట్ ఎనిమిది వచ్చింది. తారీఖు కొట్టేశారు. సంఘం నడుం కట్టింది. రాజుగారు రాగిజావ పంపించారు, టీచరుగారు ఏం తిన్నదీ నోటుబుక్కులో రాయించారు. మూడు నెలలు పోయాక తొమ్మిదీ పాయింట్ ఆరు.

"ఏమ్మా, స్వీటు ముడుతున్నావా?" అని రాజుగారు నిలదీశారు.

"ఆయ్, ముడితే ఒట్టండి. అమ్మే సరుకులో ఒక్కటి నోట్లో వేసుకున్నానేమో అడగండి మా కోడల్ని" అంది మరిడమ్మ.

అబద్ధం కాదు. అమ్మే సరుకు ఆవిడ ముట్టలేదు. కానీ రేకు అన్నాక విరుగుతుంది. విరిగినదాన్ని అమ్మలేరు, పారెయ్యడానికి చెయ్యి రాదు. నెయ్యీ పంచదారా అద్దిన ఆ ముక్కలు తింటే తిన్నట్టు కాదని ఆ పాకలో అందరి నమ్మకం. కొత్తలో ఆవిడా అలాగే తినేది. తర్వాత్తర్వాత బాగున్న రేకు కూడా ఆవిడ చేతిలో కొంచెం ఎక్కువగా విరగడం మొదలైంది. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? ఆ ముక్కల పళ్ళేన్ని ఆవిడ నా మూత మీదే పెట్టి, పైన చీర కప్పేది. ఈ ఊళ్ళో ఎవరూ నా మీద గుడ్డ తియ్యరని ఆవిడకి బాగా అర్థమైంది. నన్ను చూసి ముక్కు మూసుకున్న మనిషి నాలోనే అలమారు చూసుకుంది.

మమ్మల్ని పట్టించినవి చీమలు. ఒక సాయంత్రం రాజుగారు కొత్త చేతికర్ర తాటిస్తూ వచ్చి, "ఇవాళ కూర్చుని చూపించాల్సిందే" అని నా దగ్గరికొచ్చి, నా ముందు కాలు వెంట ఎర్రచీమల బారు చూసి ఆగిపోయారు. చీమలు మామూలుగా నా జోలికి రావు, నా దగ్గర వాటికేం దొరుకుతుంది? ఆయన చీర లాగారు. పళ్ళెం బయటపడింది.

టీచరుగారికి కోపం వచ్చింది. "ఆర్నెల్లు, మరిడమ్మ గారూ! ఆర్నెల్ల నుంచి మీ కోసం ఎండలో వస్తున్నాం."

మరిడమ్మ తల దించుకుని పళ్ళెం అంచున చీమల్ని దులిపింది. తర్వాత ఒక్కసారిగా అంది, "షుగరు తగ్గితే కోసేత్తారు కదండీ."

"కొయ్యాలనే కదమ్మా ఇంత తంటా!" అన్నారు రాజుగారు.

"కోసాక జన్మలో నేల మీద కూకోకూడదని డాక్టరుగారు చెప్పేరండి. మీకేటండీ, కుర్చీల మీద చేసిన ఉద్యోగాలు. నాకు ఆ కుండ తప్ప ఇంకోటి తెలీదు. దాని ముందు కూకోలేకపోతే నేనెందుకండీ? పైగా మీరేమో చీమ కుట్టినట్టుంటదంటారు. చీమ కుట్టినట్టుండేదానికి నాకింత భయం ఎందుకో, నేనే పిరికిదాన్నేమో అని ఎవరికీ చెప్పుకోలేదు." అంటూనే ఏడ్చేసింది.

నాకు జాలేసింది. గొట్టానికి జాలేమిటంటారేమో, వేసింది.

రాజుగారు మెల్లగా అరుగు చివర కూర్చున్నారు. కర్ర పక్కన పెట్టారు. "అమ్మాయ్, చీమా లేదు, దోమా లేదు. మూడో రోజు ఇదిగో, ఈ కుర్చీ మీంచి లేవలేక వెక్కివెక్కి ఏడ్చాను. మా అమ్మ పోయి ముప్పయ్యేళ్ళయింది, ఆవిణ్ణి పిలిచాను. బయటికి చెప్పుకోడానికి సిగ్గేసి చీమంటూ తిరుగుతున్నాను."

టీచరుగారు ఆయన్ని కొత్తగా చూశారు. "నేనైతే ముందురోజు పారిపోయాను. సంచి సర్దుకుని బస్టాండు దాకా వెళ్ళాను. మోకాళ్ళ నొప్పికి బస్సు మెట్టు ఎక్కలేక వెనక్కొచ్చాను."

మరిడమ్మ కళ్ళు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది. ఆ వసారాలో ఆర్నెల్లుగా ఉన్నాను, ఆవిడ నవ్వు వినడం అదే మొదలు.

మర్నాడే రాజుగారు తాపీమేస్త్రిని తీసుకొచ్చారు. కాలువ గట్లు ఎత్తించినవారికి పొయ్యి ఎత్తించడం ఒక పనా? కుండ నేల మీదే ఉండాలని ఏ శాస్త్రంలో రాసిందని ఆయన ప్రశ్న. ఎంత ఎత్తు కట్టాలో తెలియాలంటే ఆవిడ ఎత్తుగా కూర్చుని చెయ్యి చాపాలి. ఇంట్లో ఉన్న కుర్చీలేవీ చాల్లేదు. నా కాళ్ళకి బొత్తాలున్నాయి, నొక్కితే ఎంత కావాలంటే అంత పెరుగుతాను. మరిడమ్మ నా వైపు చూసింది, అందరి వైపూ చూసింది, దేవుణ్ణి తలుచుకుని కూర్చుంది. మేస్త్రి ఆవిడ చేతి కింద సుద్దముక్కతో గీత గీశాడు.

ఆ రోజు నుంచి విరిగిన ముక్కలు సాయంత్రానికల్లా టీచరుగారి డబ్బాలోకి వెళ్ళిపోయేవి. చర్చిలో టీచరుగారి దగ్గర చదువుకునే పిల్లలు ఆ ముక్కల కోసం లెక్కల పాఠాన్ని కూడా భరించడం మొదలుపెట్టారట. మూడోసారి షుగరు ఏడూ పాయింట్ తొమ్మిది. కుడి మోకాలికి ఆపరేషన్ చేశారు.

మూడో రోజు నా మీద కూర్చుని ఆవిడ పెట్టిన కేకకి పెంకులు కదిలాయి. "రాజుగారండీ! మీరు చెప్పినదాని కన్నా ఎక్కువుందండీ!" రాజుగారు గుమ్మం బయటి నుంచే, "తగ్గించే చెప్పానమ్మా, కంగారు పడతావని" అన్నారు. ఈసారి తలుపు వేసుకుని ఒంటరిగా ఎవరూ ఏడవలేదు. ఇవతల ఆవిడ, అవతల సంఘం, మధ్యలో నేను.

నాలుగు నెలల తర్వాత ఎత్తు పొయ్యి వెలిగింది. నా ఎత్తుకే చేయించిన చెక్క బల్ల మీద మరిడమ్మ కూర్చుంది. నన్ను కడిగి, పసుపు నీళ్ళు చల్లి గుమ్మం దగ్గర ఉంచారు. తర్వాతి పేరు ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిన అప్పన్నది, అతను ఆటో తీసుకుని నా కోసం వచ్చి నిలబడ్డాడు.

ఆవిడ గుడ్డ లాగింది. కొత్త ఎత్తు కదా, మొదటి రేకు విరిగింది. కోడలు టీచరుగారి డబ్బా ముందుకి తోసింది. మరిడమ్మ ఆ ముక్కకి నెయ్యి రాసి, పంచదార అద్ది, లేచి నిలబడింది. గోడ పట్టుకోకుండా నడిచి వచ్చి దాన్ని నా మూత మీద పెట్టింది. చెంగు ముక్కు దగ్గరికి వెళ్ళలేదు. "ఇది నీ వాటా" అంది. తొమ్మిదేళ్ళలో నాకెవరైనా ఏదైనా పెట్టడం అదే మొదటిసారి. నేను తినలేనని ఆవిడకీ తెలుసు. రెండో రేకు నిండుగా లేచింది.

అప్పన్న నన్ను ఎగాదిగా చూసి, గొంతు తగ్గించాడు. "రాజుగారండీ, ఉన్నమాట చెప్పండి. నొప్పి ఏ మాత్రం ఉంటదండీ?"

రాజుగారు మీసం మీద చెయ్యి వేశారు. పాతమాట నోటిదాకా వచ్చినట్టే ఉంది. పొయ్యి దగ్గర నుంచి మరిడమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది.

"అమ్మని పిలుస్తావు" అన్నారు రాజుగారు. "గట్టిగా పిలువు, సిగ్గుపడకు. మరీ సిగ్గేస్తే తలుపేసుకో. ఆ కుర్చీ ఎవరితోనూ చెప్పదు."